తోడు ముక్క

వెల్డా హాస్కెట్‌కి తన మీద ఒక నమ్మకం ఉండేది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, లోపల ఏముందో చెప్పేయగలనని. అది ఊరికే వచ్చిన నమ్మకం కాదు. లాస్ వేగస్‌లో పెద్ద హోటళ్లున్న వీధిలో, డ్రింకుల ట్రే పట్టుకుని జూదం బల్లల మధ్య సగం జీవితం తిరిగింది. ఎవడు గెలిచి కూడా టిప్పు ఎగ్గొడతాడో, ఎవడు జేబులు ఖాళీ అయ్యాక కూడా ఇచ్చిపోతాడో, వాడు కుర్చీ లాక్కుని కూర్చునే తీరు చూసి చెప్పేదాన్నని అంటుంది. అలా చెప్పినవాటిలో నిజమైనవన్నీ ఆమెకి పేరుపేరునా గుర్తున్నాయి. తప్పినది మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

భర్త ఆరిన్ పోయాక, నడుం మొరాయించాక ఉద్యోగం మానేసి, బౌల్డర్ హైవే పక్కన చక్రాల ఇళ్లుండే ట్రైలర్ పార్కులో స్థిరపడింది. పొద్దున్నే ఎండ ముదరకముందు కాపర్ లాంటర్న్ కాసినోకి నడిచి వెళ్లేది. అక్కడికి టూరిస్టులు రారు. వచ్చేదంతా ఊళ్లో వాళ్లే. రిటైరైన డ్రైవర్లు, షిఫ్టు దిగిన వంటవాళ్లు, ఇంట్లో ఏసీ బిల్లు మిగుల్చుకుందామని వచ్చే ముసలివాళ్లు. కూపన్ మీద గుడ్లూ బంగాళాదుంప వేపుడూ తిని, కాఫీ కప్పు పట్టుకుని, కాఫీ హోటల్ తలుపు పక్క వరుసలో తన యంత్రం ముందు కూర్చునేది. పక్క కుర్చీ రెమీది. రెమీ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి హోటల్ గదుల్లో పక్కలు సర్ది సర్ది రిటైరైన మనిషి. ఆట కన్నా కబుర్లెక్కువ. తెర మీద ఏ ముక్కలు పడ్డాయో చూడకుండానే మీటలు నొక్కేసేది. అయినా వెల్డా కన్నా ఎక్కువేమీ పోగొట్టుకునేది కాదు. ఆ సంగతి మీద వెల్డాకి లోలోపల కొంచెం ఉక్రోషం.

వీడియో పోకర్ అనే ఆ ఆట చూడ్డానికి చాలా సులువు. యంత్రం ఐదు ముక్కలు వేస్తుంది. కావలసినవి హోల్డ్ మీట నొక్కి ఉంచుకోవాలి, అక్కర్లేనివి పారేయాలి. పారేసినవాటి బదులు కొత్తవి పడతాయి. అప్పుడు ఐదూ కలిపి చూసి, జత కుదిరితే నాణేలు రాలుస్తుంది, లేకపోతే లేదు. ఆడేవాడి తెలివంతా ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నదాంట్లోనే ఉంది. వెల్డా సిద్ధాంతం కూడా అక్కడే పుట్టింది.

"నోరు అబద్ధమాడుతుందే రెమీ. హోల్డ్ మీట మీద వేలు ఆడదు. మొగాణ్ణి అరగంట ఈ యంత్రం ముందు కూర్చోబెట్టు, వాడు పెళ్లాన్ని ఎలా చూసుకుంటాడో చెప్పేస్తా."

రెమీ కాఫీ ఊదుకుంటూ, చనిపోయిన తన మొగుడు నలభయ్యేళ్లలో ఏ యంత్రం ముందూ కూర్చోలేదనీ, అయినా ఎలాంటివాడో తనకి మొదటివారమే తెలిసిపోయిందనీ అంది.

ఆ శీతాకాలంలో వెల్డాకి ఎడమ పక్క ఒకరు, రెమీ అవతల ఒకరు చేరారు.

ఎడమ పక్కాయన లోవెల్ స్ట్రాండ్. సిటీ బస్సులకి టైము పట్టికలు వేసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా కత్తిరించిన గోళ్లు. ఆటలో తప్పన్నది లేదు. ముక్కలు పడీ పడగానే వేళ్లు వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోయేవి. గెలిస్తే నవ్వడు, ఓడితే నిట్టూర్చడు. ఒకరోజు వెల్డాకి నాలుగుల జోడీ, దాంతో పాటు ఒక ఆసు పడ్డాయి. ఆమె మూడూ ఉంచుకోబోయింది. లోవెల్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. ఆ ఆసు వదిలేయండి. అది మీకు సాయం చేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ, ఇంకో మంచి ముక్క రావాల్సిన చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది."

చెప్పింది నిజమే. మర్యాదగానే చెప్పాడు. కానీ వెల్డాకి ఆ ఆసు మీద జాలేసింది.

అవతలి పక్కాయన విల్బర్ టకర్. ఇళ్లల్లో తివాచీలు పరిచే పని చేసి చేసి మోకాళ్లు అరగదీసుకున్నాడు. కుంటుకుంటూ వచ్చి, తెచ్చిన డోనట్ల పెట్టె వరుసలో అందరి ముందూ తిప్పి, అప్పుడు కూర్చునేవాడు. అందర్నీ బంగారం అనే పిలుస్తాడు, చిల్లర మార్చే అమ్మాయి దగ్గర్నుంచి సెక్యూరిటీ వాడి దాకా. ఆట సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. అసలు ఏదీ పారేయలేడు. జోడీ పడితే దాని పక్కన ఒక ఆసు పట్టుకునేవాడు, "తోడుండనీ పాపం" అని. ఏ జతా కుదరని చేతిలో రాణి ఒక్కతే ఉంటే, పక్కన మూడునీ ఆరునీ తొమ్మిదినీ కూడా ఉంచేసేవాడు. ఒక్క ముక్క మాత్రం, అదీ బాధపడుతూ, వదిలేవాడు. రోజూ ఓడేవాడు. రోజూ సంతోషంగా ఇంటికెళ్లేవాడు.

ఇద్దరికీ వెల్డా నచ్చింది. లోవెల్ ఒకరోజు ఆమె ముందు కుర్చీ సరిచేసి, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి తన ఇంటికి భోజనానికి రమ్మని అడిగాడు. టర్కీ కోడి తనే వండుతానన్నాడు. తరవాతి సంగతులు ఆమెకిష్టమైతే అప్పుడు మాట్లాడుకుందామన్నాడు. ఆ మాటలోని తరవాతి సంగతులు ఏమిటో వెల్డాకి తెలుసు. సరిగ్గా ఆ వారమే విల్బర్ డోనట్ చేతిలో పెట్టి సూటిగా అడిగేశాడు.

"ఒక్కదానివే ఆ ట్రైలర్లో ఏం చేస్తావు బంగారం? మా ఇంటికొచ్చెయ్. మా అందరికీ బాగుంటుంది."

అందరూ అంటే ఎవరెవరని వెల్డా నవ్వుతూ అడిగింది. తనూ, ఓ ముసలి కుక్కా, రోజెల్లా అన్నాడు. రోజెల్లా గురించి ఆయన ఇదివరకు కూడా చెప్పాడు. దానికి చలి పడదు, హీటర్ దగ్గరే పడుకుంటుంది. చేపంటే ప్రాణం పెడుతుంది. ఎవరైనా తన కుర్చీలో కూర్చుంటే మొహం మాడ్చుకుంటుంది. వెల్డా అది పిల్లి అనుకుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పేం లేదు.

ఇద్దరిలో ఎవరన్నది ఆమె చాలా రోజులు తేల్చుకోలేకపోయింది. తేల్చింది లోవెల్ యంత్రంలో పడిన ఒక చేయి.

ఐదూ ఆఠీన్లే పడ్డాయి. ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు. ఐదూ ఒకే జాతివైతే పారేయాల్సిన పనే లేదు, అన్నీ ఉంచుకుంటే మంచి మొత్తమే చేతికొస్తుంది. వెల్డా సంతోషపడి ఆయన వైపు తిరిగింది. తిరిగేసరికే ఆయన వేలు నాలుగుని వదిలేసింది. ఆ ఖాళీలో ఆఠీన్ పది గనక పడితే రాయల్, కాసినోలో అంతకు మించిన చేయి లేదు. దాని కోసం చేతిలో ఉన్నది వదిలేశాడు. పడింది కళావరు రెండు. యంత్రం ఏమీ ఇవ్వలేదు. లోవెల్ కళ్లు కూడా ఆర్పకుండా మళ్లీ నాణేలు వేశాడు.

వెల్డా ఉండబట్టలేక అడిగింది, బాధ లేదా అని. ఎందుకుండాలని ఆయన ఆశ్చర్యపోయాడు. రాయల్ మొత్తం ఎంత పెద్దదంటే, ఎన్నిసార్లు తప్పినా అలా వదలడమే సరైన ఆటని వివరించాడు. మళ్లీ అదే చేయి పడినా మళ్లీ అదే చేస్తానన్నాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. వెల్డా మాత్రం కుర్చీలో కొంచెం రెమీ వైపు జరిగింది.

ఆ మధ్యాహ్నం రెమీతో తేల్చి చెప్పేసింది. "చేతిలో పచ్చగా ఉన్నదాన్ని చీమని దులిపినట్టు దులిపేశాడే. రేపు నాకన్నా మెరుగైంది కనబడితే నన్నూ అంతే. విల్బర్‌ని చూడు, పనికిరాని ముక్కని కూడా వదల్లేడు."

"నువ్వు పెళ్లాడేది మనిషినా, పేకముక్కనా?" అంది రెమీ.

"మనిషి అందులోనే కనిపిస్తాడంటున్నా."

"సరే తల్లీ. కానీ లోవెల్ పెళ్లాం ఎలా పోయిందో ఆయన్ని అడిగావా ఎప్పుడైనా?"

అడగలేదు. అడగాల్సిన అవసరం వెల్డాకి కనిపించలేదు. లోవెల్ ఇంటికి భోజనానికి రాలేనని, మర్యాద చెడకుండా చెప్పేసింది. ఆయన తల ఊపి, ఆమె కుర్చీ పక్కన పడున్న నాణెం తీసి ఆమె చిల్లర బకెట్‌లో వేసి, తన ఆటలో పడ్డాడు. చూశావా, ఎంత తేలిగ్గా వదిలేశాడో అనుకుంది వెల్డా.

కొత్త సంవత్సరం రాగానే విల్బర్‌తో పెళ్లయిపోయింది. కోర్టు పక్కన పెళ్లిళ్లు చేసే చిన్న చాపెల్లో, రెమీ సాక్షిగా. వెల్డా ట్రైలర్ అమ్మేసి, రెండు సూట్‌కేసులూ, పిల్లి కోసం కొన్న ఈకల బంతీ పట్టుకుని విల్బర్ ఇంటికి చేరింది.

ఇల్లు కొంచెం నిండుగా ఉంటుందని విల్బర్ ముందే చెప్పాడు. వాకిట్లో కదలని ట్రక్కులు వరసగా ఉన్నాయి. అందులో ఒకదాని మీద కాగితపూల తీగ పాకి కప్పు దాకా పోయింది. హాల్లో, తను తివాచీ పరిచిన ప్రతి ఇంటి నుంచీ మిగిలిన ముక్కలు చుట్టలు చుట్టి గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. ఈ చుట్ట డాక్టర్ గారింటిది, ఈ చుట్ట విడాకులు తీసుకున్న వాళ్లింటిది అని ఒక్కొక్కటీ చూపించాడు. పాడైన ఫ్యాన్లున్నాయి. మూతల్లేని గిన్నెలు, గిన్నెల్లేని మూతలు వేరువేరు అలమరాల్లో ఉన్నాయి. వాటి మధ్య నుంచి హీటర్ దాకా ఒక దారి ఉంది. హీటర్ పక్కన, పెద్ద కుర్చీలో, ఊలు దుప్పటి కప్పుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

"ఇదే రోజెల్లా. నా మొదటి భార్య. ఎప్పుడో విడాకులయ్యాయి. ఆపరేషనయ్యాక రెండు వారాలుందామని వచ్చింది," అన్నాడు విల్బర్.

ఆ ఆపరేషనైంది ఈ గోడల సున్నం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనని రోజెల్లా అంది. అప్పటి నుంచీ ఎవరూ తనని వెళ్లమనలేదట. ఆమె కళ్లు వెల్డా చేతిలోని ఈకల బంతి మీద పడ్డాయి.

"పిల్లినేమన్నా తెచ్చావా?"

లేదంది వెల్డా. బంతిని కోటు జేబులో కుక్కేసింది.

ఆ రాత్రే విల్బర్‌ని నిలదీసింది. ఆయన నిజంగానే తెల్లబోయాడు. తను దాచిందేముంది? పేరు చెప్పాడు, చలి పడదని చెప్పాడు, చేప సంగతి కూడా చెప్పాడు. మనిషని ప్రత్యేకంగా చెప్పాలని ఎవరికి తడుతుంది? ఆయన ముఖంలో కపటం వెతికి వెతికి వెల్డాకి ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే తేలికయ్యేది, సూట్‌కేసు తీసుకుని నడిచి పోయేది. కాని పోవడానికి ట్రైలర్ కూడా లేదు.

వసంతంలో ఇంకో వార్త తెలిసింది. రెమీ, లోవెల్ పెళ్లి చేసుకుంటున్నారు. వెల్డా కాఫీ కప్పు కింద పెట్టేసి, ఆయన ఐదు ఆఠీన్లు ఎలా వదిలేశాడో మర్చిపోయావా అంది.

"నేనసలు చూళ్లేదే," అంది రెమీ. "నాకు పంటి నొప్పి వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్లాడు. బయట రెండు గంటలు కూర్చున్నాడు. పుస్తకం కూడా తెచ్చుకోలేదు."

అంతే కాదు, లోవెల్ మొదటి భార్య మతి తప్పి, మొగుణ్ణే గుర్తుపట్టని స్థితిలో ఏళ్ల తరబడి బతికిందట. ఆయన ముందుగానే ఉద్యోగం వదులుకుని, అన్నం తినిపించడం దగ్గర్నుంచి జడ వేయడం దాకా అన్నీ చేశాడట. ఆమెని వృద్ధుల హోమ్‌లో పెట్టమని పిల్లలు పోరినా వినలేదట. వెల్డా కాఫీ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంది. పోనీ, నీ ఆటని తప్పు పట్టి ప్రాణం తీస్తాడు చూడమంది.

"మొదట్లో చెప్పబోయాడు. నోరు మూసుకోమన్నా. మూసుకున్నాడు. నువ్వూ అనాల్సింది ఒకసారి."

ఇంత తేలికైన మాట తనకెందుకు తట్టలేదా అని వెల్డా దారంతా ఆలోచించుకుంటూ ఇంటికి నడిచింది. మనుషుల్ని చదవడం గురించి ఆ తరవాత ఎవరి దగ్గరా ఎక్కువ మాట్లాడలేదు. అయితే ఆ నమ్మకాన్ని పూర్తిగా వదులుకుందనీ చెప్పలేం.

ఎండాకాలంలో ఆమెకి వీపంతా సర్పి లేచింది. చొక్కా తగిలితేనే ప్రాణం పోయినంత మంట. విల్బర్ కాసినోకి వెళ్లడం మానేశాడు. తడిగుడ్డ ఆరితే మార్చడం, ఆరకపోయినా మార్చడం, పక్కన కూర్చుని ప్రతి తివాచీ చుట్ట కథా మొదటి నుంచీ చెప్పడం. ఏం తింటావు బంగారం అని గంటకోసారి అడగడం. రోజెల్లా కూడా హీటర్ కుర్చీ దిగి వచ్చింది. చేప పులుసు కాచింది, మందుల వేళలు చూసింది, విల్బర్ మరీ ప్రాణం తీస్తుంటే బయటికి తోలింది. పడుకుని పడుకుని వెల్డాకి ఒక సంగతి అర్థమైంది. ఈ మనిషి తనని ఎన్నటికీ వదలడు. తను రాణి అని కాదు. రాణికీ నాలుగుకీ ఆయనకి తేడా తెలియదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక, మంట ఎక్కువైందని చెప్పి కాసేపు ఏడ్చింది.

లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె, రోజెల్లా ఒక ఒప్పందానికి వచ్చారు. నోటితో అనుకున్నది పెద్దగా లేదు. వంటింట్లోకి పోవాలంటే ఇద్దరూ పక్కవాటుగా నడవాల్సి వచ్చేది, ఒకరోజు ఎదురెదురు పడి ఇద్దరూ ఇరుక్కుపోయారు. అలా ఇరుక్కునే, నువ్వు ఫ్యాన్లు పట్టుకో, నేను మూతలు పట్టుకుంటానంది రోజెల్లా. ఆ మర్నాటి నుంచి విల్బర్ కాసినోకి వెళ్లగానే పని మొదలయ్యేది. ఒక్కో రోజూ ఒక పెట్టె నింపి, రోజెల్లా పాత కారులో వేసుకుని, చర్చి వాళ్లు నడిపే పాత సామాన్ల కొట్టుకి ఇచ్చి వచ్చేవారు. ఒక్కసారిగా కాదు, ఆయన కనిపెట్టకుండా, అక్కడో వస్తువూ ఇక్కడో వస్తువూ. విల్బర్ నిజంగానే కనిపెట్టలేదు. ఇంట్లో గాలి బాగా ఆడుతోంది, కిటికీలు శుభ్రం చేశారా అని మాత్రం అడిగాడు. ఆకురాలే కాలం వచ్చేసరికి హాల్లో తివాచీ చుట్టలన్నీ పోయి గోడ కనిపించింది. ఆ గోడకి ఒక కిటికీ ఉందని వెల్డాకి అప్పుడే తెలిసింది, రోజెల్లాకి అప్పుడే గుర్తొచ్చింది.

ఒక శనివారం విల్బర్ మామూలు కన్నా ముందే వచ్చాడు. వాకిట్లోంచే ఇద్దర్నీ పిలిచాడు. చేతుల్లో ఇత్తడి గుర్రం బొమ్మ మీద గొడుగు పెట్టిన బల్లదీపం ఒకటి ఉంది. వెల్డా దాన్ని చూసి రోజెల్లా వైపు చూసింది. మంగళవారం నాడు దాన్ని పాత దిండు గలీబులో చుట్టి ఇచ్చి వచ్చింది వాళ్లిద్దరే.

"చర్చి కొట్టులో దొరికింది బంగారం. అచ్చం మన దగ్గరున్నదే. ఇలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉందనుకున్నా ఇన్నాళ్లూ."

మనది ఎక్కడుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని లోపలికి వచ్చాడు. రోజెల్లా కళ్లార్పకుండా, అది వైరు కాలిపోతే బాగుచేయించడానికి ఇచ్చామంది. ఆ మాటకి విల్బర్ ఇంకా సంబరపడ్డాడు. గుర్రం చెవి మీద సొట్టని వేలితో తడిమి, మనదానికి కూడా సరిగ్గా ఇక్కడే సొట్ట, కంపెనీ వాళ్ల తయారీలోనే లోపం ఉందన్నమాట అన్నాడు. తరవాత కాస్త దిగులుగా, పాపం ఇంత చక్కటి దీపాన్ని వదులుకున్నారంటే ఎవరో ఎంత ఇబ్బందుల్లో ఉన్నారో అన్నాడు. కొట్టులో ఇంకా ఎన్నో మంచి సామాన్లున్నాయట. ఫ్యాన్లున్నాయి, మూతలున్నాయి. సోమవారం ట్రక్కు అద్దెకి తీసుకుని వెళ్తాడట.

రోజెల్లా తన కుర్చీలోకి వెళ్లి దుప్పటి కప్పుకుంది. వెల్డా దీపం అందుకుని, కొత్తగా బయటపడిన కిటికీ గట్టు మీద పెట్టి, ప్లగ్గు పెట్టడానికి చోటు కోసం కింద వెతికింది.